మసక నెబ్యులాకి డాబా చాలు, ధూళికే కొండ కావాలి

నెబ్యులాల (నక్షత్రాల మధ్యనుండే వాయు, ధూళి మేఘాల) ఫొటోలు తీస్తామంటే మన ఊళ్ళలో మొదట వినపడే సలహా "ఇక్కడేం కనపడుతుంది, నాగార్జునసాగర్ అవతలికి పోండి" అని. కాస్త చదువుకున్నవాళ్ళు లద్దాఖ్‌లోని హాన్లే పేరు చెబుతారు. 2022లో దాన్ని డార్క్ స్కై రిజర్వుగా ప్రకటించాక ఆ సలహాకి బలం ఇంకా పెరిగింది. అది తప్పుడు సలహా ఏమీ కాదు, కానీ సగమే నిజం. విజయవాడలోనో గుంటూరులోనో ఉంటూ మసక నెబ్యులాలు తీయాలనుకునేవాళ్ళు ఎక్కడికి పోవాలో ఆలోచించే ముందు, తీయబోయేది ఏ రకం నెబ్యులానో తేల్చుకోవాలి. తనంతట తాను వెలిగే వాయుమేఘమైతే బెంజి సర్కిల్‌కి రెండు వీధుల అవతల డాబా మీద నుంచైనా తీయొచ్చు. పక్కనున్న నక్షత్రం వెలుగుని వెదజల్లే ధూళిమేఘమైతే ఊళ్ళో ఎన్ని రాత్రులు జాగారం చేసినా రాదు. ఈ తేడా పట్టించుకోక, ఏడాదికి నాలుగైదు దొరికే చీకటి రాత్రుల్ని ఇంటి దగ్గర తీయగలిగిన వాటి మీదే చాలామంది ఖర్చు పెట్టేస్తున్నారు.

లెక్క వేసి చూద్దాం. ఆకాశపు వెలుగుని చదరపు ఆర్క్‌సెకనుకి (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఇన్ని మాగ్నిట్యూడ్‌లు (నక్షత్రాల వెలుగు కొలిచే అంకెలు) అని కొలుస్తారు. అంకె పెరిగేకొద్దీ చీకటి ఎక్కువ. ఊరి నడిమధ్య 18, నల్లమల అంచున 21.5 అనుకుందాం. తేడా 3.5 మాగ్నిట్యూడ్‌లు, అంటే ఊరి ఆకాశం సుమారు 25 రెట్లు వెలుగు. ఇప్పుడు నెబ్యులా వైపు నుంచి చూడండి. రోజెట్, కాలిఫోర్నియా, జెల్లీఫిష్ లాంటివి వెలిగేది ప్రధానంగా సన్నటి గీతల దగ్గరే: హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర, రెండుసార్లు అయనీకరణ చెందిన ఆక్సిజన్ 500.7 దగ్గర, గంధకం 671.6, 673.1 దగ్గర. ఫిల్టరు లేని కలర్ కెమెరాలో ఎరుపు చానెల్ దాదాపు 100 నానోమీటర్ల వెడల్పున వెలుగు తీసుకుంటుంది. అందులో మనకి కావలసింది ఒక్క గీత, తక్కినదంతా ఆకాశం. గీత చుట్టూ 3 నానోమీటర్ల వెడల్పు వెలుగునే వదిలే ఫిల్టరు పెడితే గీత దాదాపు పూర్తిగా వస్తుంది, ఆకాశం మాత్రం 100లో 3 వంతులే లోపలికి వస్తుంది. నల్లమలలో ఫిల్టరు లేకుండా తీస్తే 100ని 25తో భాగించాలి, 4 వంతులు. అంటే హైడ్రోజన్ గీత వరకూ చూస్తే ఫిల్టరు పెట్టిన విజయవాడ డాబా, ఫిల్టరు లేని నల్లమలతో సమానం, ఒక పిసరు మెరుగు కూడా.

ఇందులో మినహాయింపులున్నాయి, దాచక్కర్లేదు. ఊరి వెలుగు అన్ని రంగుల్లో ఒకే మోతాదులో ఉండదు. కలర్ కెమెరాలో నాలుగు పిక్సెళ్ళలో ఒక్కటే ఎరుపుది. పైగా అదే ఫిల్టరుని నల్లమలకి తీసుకెళ్తే అక్కడ ఇంకా బాగా వస్తుంది కదా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. వస్తుంది. కానీ పూర్తి 25 రెట్ల లాభం రాదు. అంత చీకట్లో 3 నానోమీటర్ల ఫిల్టరు గుండా ఆకాశం ఇచ్చే వెలుగు ఎంత తక్కువంటే కెమెరా సొంత రీడ్ నాయిస్ (ఫ్రేము చదివిన ప్రతిసారీ కెమెరా కలిపే చెత్త సిగ్నల్) దాన్ని మింగేస్తుంది. 300 సెకన్ల ఫ్రేములతో తీస్తే లాభం తొమ్మిది పది రెట్ల దగ్గర ఆగుతుంది. ఫిల్టరు లేకుండా ధూళిమేఘాన్ని తీస్తే మాత్రం 25కి 25 రెట్లూ దక్కుతాయి. ఆ రాత్రి దేనికి వాడాలో ఇక్కడే తేలిపోయింది. కొండ మీద ఉన్న ఆరు గంటలూ విచ్‌హెడ్ నెబ్యులాకి, కృత్తికల చుట్టూ ఉన్న నీలి పొగకి, ఎం78కి, వృషభరాశిలోని నల్లటి ధూళి తీగలకి ఇవ్వాలి. హైడ్రోజన్ మేఘాలకి ఇంటి డాబా ఉంది, శీతాకాలంలో వారానికి నాలుగు రాత్రులు ఉంది.

గంటలకి ఎంత విలువుందో తెలియాలంటే 2023 జనవరిలో బయటపడ్డ సంగతి గుర్తు చేసుకోవాలి. ఆండ్రోమెడా గాలక్సీని నూటికి పైగా ఏళ్ళుగా ప్రపంచమంతా ఫొటోలు తీస్తోంది. దాని పక్కనే ఆక్సిజన్ గీతలో వెలిగే పెద్ద విల్లు ఒకటి ఉందని కనిపెట్టింది అమెచ్యూర్లు: స్ట్రాట్నర్, డ్రెక్స్‌లర్, సెంటీ. టెలిస్కోపు 106 మి.మీ.ది, అంటే నాలుగంగుళాల పైచిలుకు. ఆ ఫొటో వెనకున్న మొత్తం ఎక్స్‌పోజర్ 100 గంటలు దాటింది. అంతకుముందు పెద్ద టెలిస్కోపులకి అందనిదేమీ కాదది. సన్నటి ఫిల్టరు పెట్టి అంతసేపు అటు చూసినవాళ్ళు లేరు, అంతే.

ఫిల్టరు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పాత పుస్తకాల్లో, పాత సలహాల్లో సీఎల్ఎస్, యూహెచ్‌సీ లాంటి "లైట్ పొల్యూషన్" ఫిల్టర్ల గురించి గొప్పగా ఉంటుంది. అవి సోడియం దీపాల కాలం నాటివి. సోడియం వెలుగు ప్రధానంగా 589 నానోమీటర్ల చుట్టూ ఉండేది కాబట్టి దాన్ని కోసేసి తక్కినది వదిలితే సరిపోయేది. తెల్ల ఎల్ఈడీ 450 దగ్గర నీలి శిఖరంతో మొదలై ఎరుపు దాకా పరుచుకుంటుంది, కోయడానికి ఒక చోటంటూ లేదు. వీధి దీపాలు మారిపోయాక ఆ ఫిల్టర్లకి పెట్టే డబ్బు దండగ. కలర్ కెమెరాకి హైడ్రోజన్, ఆక్సిజన్ రెండు కిటికీలే ఉండే డ్యుయల్ నారోబ్యాండ్ తీసుకోండి: ఆప్టోలాంగ్ ఎల్-ఎక్స్‌ట్రీమ్ 7 నానోమీటర్లు, ఆంట్లియా ఏఎల్‌పీ-టీ 5, ఎల్-అల్టిమేట్ 3. మన ఆకాశానికి 3 మంచిదే గానీ లెన్సు వేగం చూసుకోవాలి (ఎఫ్ పక్కనున్న అంకె చిన్నదయ్యేకొద్దీ వేగం ఎక్కువ). ఏటవాలుగా వచ్చే కిరణాలకి ఫిల్టరు కిటికీ నీలం వైపు జరుగుతుంది. ఎఫ్/5 దగ్గర ఆ జరుగుడు ఒక నానోమీటరు లోపే. ఎఫ్/2 లెన్సులో అంచు కిరణాలకి నాలుగైదు నానోమీటర్లు జరిగి గీత కిటికీ బయటే ఉండిపోతుంది. 135 మి.మీ. ఎఫ్/2 లెన్సు వాడేవాళ్ళు ఎఫ్/2.8కో ఎఫ్/4కో తగ్గించి 7 నానోమీటర్ల ఫిల్టరు వాడటం మేలు. ఇంకోటి: 2 మి.మీ. మందం ఫిల్టరు ఫోకస్‌ని దాదాపు 0.7 మి.మీ. వెనక్కి నెడుతుంది. అందుకని సెన్సారుకి 55 మి.మీ. దూరం (బ్యాక్‌ఫోకస్) అడిగే ఫ్లాట్‌నర్‌కి, అంటే మూలల దాకా ఫోకస్ సరిచేసే లెన్సుకి, 55.7 పెట్టాలి, లేకపోతే మూలల్లో నక్షత్రాలు సాగుతాయి.

మామూలు డీఎస్ఎల్ఆర్‌తో మొదలుపెట్టేవాళ్ళకి ఒక మాట. లోపలున్న ఫిల్టరు 656 దగ్గర పావు వంతు వెలుగే లోపలికి రానిస్తుంది, అంటే మీ నాలుగు గంటలు ఒక గంటగా మారిపోతాయి. ఆ ఫిల్టరు తీయించి మోడిఫై చేయించుకోకుండా కెమెరా ముందు నారోబ్యాండ్ ఫిల్టరు పెట్టడం వృథా. డబ్బు పెట్టే వరుస విషయంలో నా అభిప్రాయం గట్టిది: ముందు మౌంటు (ఆకాశంతో పాటు టెలిస్కోపుని తిప్పే పీఠం), తర్వాత ఫిల్టరు, తర్వాత కూలింగ్ ఉన్న కెమెరా, చివర టెలిస్కోపు. 60, 70 మి.మీ. రిఫ్రాక్టరు (లెన్సు టెలిస్కోపు), 350-400 మి.మీ. ఫోకల్ లెంగ్త్ చాలు. పెద్ద న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే పొడవాటి గొట్టం) డాబా గాలికి తెరచాపలా ఊగుతుంది, గైడింగ్ (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంటు తప్పుల్ని సరిదిద్దడం) గ్రాఫ్ చూస్తేనే తెలిసిపోతుంది.

16 డిగ్రీల తిప్పలు

ఈ విద్య నేర్పే వీడియోలు చాలావరకు 40, 50 డిగ్రీల అక్షాంశాల వాళ్ళు చేసినవి. మన దగ్గర విజయవాడ 16.5, గుంటూరు 16.3. మౌంటు అక్షాన్ని గురిపెట్టాల్సిన ధ్రువ నక్షత్రం దిక్చక్రం మీద 16 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. ఊళ్ళో దానికి అడ్డంగా పక్కింటి నీళ్ళ ట్యాంకో అపార్టుమెంటో కచ్చితంగా ఉంటుంది. దాని కోసం వెతకొద్దు. కెమెరా, మౌంటులని నడిపే నీనా సాఫ్ట్‌వేర్‌లో మూడు పాయింట్ల పోలార్ అలైన్‌మెంట్ (అక్షాన్ని ధ్రువానికి సరిపెట్టడం) ఉంది: ఆకాశంలో ఏదో ఒక ఖాళీ చోట మౌంటుని ఆర్ఏలో (ధ్రువాక్షం చుట్టూ) తిప్పుతూ మూడు ఫొటోలు తీసి, నక్షత్రాలని గుర్తుపట్టి, అక్షం ఎంత తప్పిందో ఆర్క్‌నిమిషాల్లో (డిగ్రీలో 60వ వంతుల్లో) చెబుతుంది. రెండు మూడు ఆర్క్‌నిమిషాల లోపుకి తెస్తే తక్కినది గైడింగ్ చూసుకుంటుంది. అంత కిందనున్న ధ్రువాన్ని వాతావరణం మూడు ఆర్క్‌నిమిషాల దాకా పైకెత్తి చూపిస్తుంది కాబట్టి సున్నా కోసం పెనుగులాడటంలో అర్థం లేదు.

మౌంటు కొనేముందు దాని ఆల్టిట్యూడ్ (ధ్రువాక్షాన్ని వంచే కోణం) హద్దు 16 కన్నా కిందకి దిగుతుందో లేదో చూడండి. దిగినా ఇంకో చిక్కు ఉంటుంది. ఇంత తక్కువ అక్షాంశంలో ధ్రువాక్షం దాదాపు పడుకుని ఉంటుంది, టెలిస్కోపుకి సరితూగే కౌంటర్‌వెయిట్ కడ్డీ ఉత్తరం వైపున్న కాలికి కొట్టుకుంటుంది. వస్తువు మెరీడియన్ (నెత్తి మీదుగా పోయే ఉత్తర దక్షిణ గీత) దాటి మౌంటు పక్క మారేటప్పుడు, అర్ధరాత్రి, మీరు కింద నిద్రపోతుండగా. ట్రైపాడ్‌ని తిప్పి ఆ వైపు కాలు లేకుండా చేయడం ఒక దారి, అయితే అజిముత్ గూటాన్ని ఇంకో కాలి మీదకి మార్చుకునే వీలు మౌంటులో ఉండాలి. లేదంటే ట్రైపాడ్‌కీ తలకీ మధ్య ఒక ఎక్స్‌టెన్షన్ పియర్ బిగించాలి. కౌంటర్‌వెయిట్ లేని హార్మోనిక్ మౌంటుకి సరిగ్గా ఎదురు: బరువంతా ఉత్తరానికి వేలాడుతుంది కాబట్టి ఒక కాలు తప్పకుండా ఉత్తరానికే ఉండాలి, లేకపోతే మొత్తం సరంజామా ముందుకి బోర్లా పడుతుంది. హార్మోనిక్ మౌంట్ల పీరియాడిక్ ఎర్రర్ (గేర్ల వల్ల తిరుగుడులో పదేపదే వచ్చే తప్పు) పెద్దది, వేగంగా మారేది. వాటికి గైడింగ్ సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ2లో గైడ్ ఎక్స్‌పోజర్ అర సెకను నుంచి ఒక సెకను పెట్టాలి. మామూలు మౌంటుకి రెండు సెకన్లు బాగుంటుంది.

ఇంత తక్కువ అక్షాంశం వల్ల లాభం కూడా ఉంది. శీతాకాలపు మంచి నెబ్యులాలన్నీ మనకి నడినెత్తి దగ్గరగా వస్తాయి: రోజెట్ 78 డిగ్రీల ఎత్తుకి, జెల్లీఫిష్ 84కి, సిమెయిజ్ 147 మళ్ళీ 78కి. యూరప్ వాళ్ళకి గోడ మీద బల్లిలా దక్షిణాన పాకే థార్స్ హెల్మెట్, సీగల్ మనకి 60 దాటతాయి. ఎత్తు పెరిగేకొద్దీ దాటాల్సిన గాలి మందం, ఊరి వెలుగు రెండూ తగ్గుతాయి.

కానీ నడినెత్తి, సీస్టార్ లాంటి స్మార్ట్ టెలిస్కోపులకి శత్రువు. అవి ఆల్ట్-అజిముత్ పద్ధతిలో (పైకీ కిందకీ, పక్కలకీ) తిరుగుతాయి కాబట్టి బొమ్మ నెమ్మదిగా గిరగిరా తిరుగుతుంది. ఆ వేగం ఎత్తుతో పాటు పెరుగుతుంది, ఉత్తర దక్షిణాల్లో ఎక్కువ, సరిగ్గా తూర్పు పడమరల్లో సున్నా. రోజెట్ తూర్పున 45 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు గంటకి మూడున్నర డిగ్రీలే తిరుగుతుంది. అదే నెత్తి మీదకి వచ్చేసరికి గంటకి 70 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు 30 సెకన్ల ఫ్రేములో మూలనున్న నక్షత్రం పది పిక్సెళ్ళకి పైగా గీతలా సాగుతుంది, 10 సెకన్లకి మూడు నాలుగు పిక్సెళ్ళతో పోతుంది. మనకి ఈ వస్తువులు తూర్పున నిటారుగా లేస్తాయి గనక, 30 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపు తీసుకుని, నెత్తి మీదకి రాగానే ఆపేసి, పడమటికి వాలాక మళ్ళీ మొదలుపెట్టొచ్చు. లేదా వెడ్జ్ (ఏటవాలు పీట) పెట్టి, ధ్రువాక్షం చుట్టూ తిరిగే ఈక్యూ మోడ్‌లో వాడొచ్చు. 16 డిగ్రీలకి వంచితే ఆ చిన్న ట్రైపాడ్ తూలుతుంది, కాళ్ళ మధ్య ఇటుక వేలాడదీయండి.

దిక్కుల విషయంలో రెండు ఊళ్ళకీ సలహా ఒకటి కాదు. విజయవాడ నుంచి చూస్తే మంగళగిరి, గుంటూరు వెలుగంతా నైరుతిన కూడుతుంది కాబట్టి మెరీడియన్ దాటకముందు తూర్పు ఆకాశంలో తీసిన గంటలే బాగుంటాయి. గుంటూరు వాళ్ళకి ఈశాన్యం చెడింది, పడమటికి వాలాక తీసినవి మేలు. దక్షిణాన కిందుగా ఉండే ఈటా కెరీనా మనకి 13, 14 డిగ్రీలకి మించి లేవదు. దానికోసమైతే బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి వెళ్ళడంలో అర్థముంది, దక్షిణమంతా సముద్రమే. తిరిగొచ్చాక మౌంటు, స్క్రూలు, కనెక్టర్లు మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, ఉప్పుగాలి వారంలోపే తుప్పు చూపిస్తుంది.

పంచాంగం, పొగ, మంచు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నవంబరుల్లో బంగాళాఖాతం వాయుగుండాలు. మనకి మిగిలేది డిసెంబరు నడిమి నుంచి మార్చి చివరి దాకా. నార్త్ అమెరికా, వెయిల్ లాంటి హంసరాశి నెబ్యులాలకి మన దగ్గర న్యాయం జరగదు. అవి నెత్తి మీదుండే రోజుల్లో వాన, వాన తగ్గేసరికి పడమటికి వాలిపోతాయి. వాటి మీద ఆశ పెట్టుకోవడం కన్నా బ్రహ్మహృదయం నుంచి లుబ్ధకం దాకా ఉన్న పట్టీనే ఏటా లోతుగా తవ్వడం మంచిది.

నారోబ్యాండ్‌కి వెన్నెల అడ్డు కాదనే మాట సగం నిజం. చంద్రుడి వెలుగు గాలిలో చెదిరేటప్పుడు నీలం వైపే ఎక్కువ చెదురుతుంది. 656 దగ్గర హైడ్రోజన్ తట్టుకుంటుంది, 500 దగ్గర ఆక్సిజన్ దెబ్బతింటుంది. మోనో (రంగు పిక్సెళ్ళు లేని) కెమెరా వాళ్ళు శుద్ధ అష్టమి నుంచి బహుళ పంచమి దాకా హైడ్రోజన్ మాత్రమే, చంద్రుడికి 60 డిగ్రీల దూరంలో తీసి, అమావాస్య చుట్టూ ఉన్న రాత్రులు ఆక్సిజన్‌కి దాచుకోవాలి. డ్యుయల్ ఫిల్టరు వాళ్ళకి రెండూ ఒకేసారి వచ్చిపడతాయి. దానికి ఉపాయం ఉంది: అన్ని రాత్రుల ఫ్రేముల్లోంచీ హైడ్రోజన్ తీసుకోండి, ఆక్సిజన్ మాత్రం చంద్రుడు లేని రాత్రుల ఫ్రేముల్లోంచే విడగొట్టి స్టాక్ చేయండి (ఒకే బొమ్మగా కలపండి). సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండింటినీ విడదీసే స్క్రిప్టు సిద్ధంగా ఉంది.

అమావాస్యల్లో ఒకటి మనకి ముందే పోయింది. దీపావళి ఆశ్వయుజ అమావాస్యనాడే వస్తుంది, ఆ పొగ రెండు మూడు రోజులు ఊరి మీదే ఉంటుంది. భోగి తెల్లవారుజాము సంగతి సరేసరి. డెల్టాలో వరి కోతలయ్యాక గడ్డి తగలబెట్టే సాయంత్రాలు కూడా చూసుకోవాలి. (దోమల చక్రాన్ని మాత్రం టెలిస్కోపు కాలి దగ్గర వెలిగించకండి. ఆ పొగ నేరుగా గొట్టం ముందు నుంచే లేస్తుంది.)

మంచు అసలు సమస్య. కృష్ణ ఒక పక్క, కాలవలు ఇంకో పక్క, జనవరిలో రాత్రి పన్నెండు దాటితే అద్దం తడవడం ఖాయం. డ్యూ హీటర్ పట్టీ పెద్ద అద్దానికి ఒకటి, గైడ్ స్కోపుకి ఒకటి, రెండూ మొదటి నుంచే ఆన్‌లో ఉండాలి. తడిశాక ఆరబెట్టడం కన్నా తడవకుండా చూడటానికి చాలా తక్కువ కరెంటు పడుతుంది. రాత్రి మధ్యలో ఫ్రేములు పాడవుతుంటే కారణం అంకెల్లోనే దొరుకుతుంది. నక్షత్రాల లెక్క తగ్గి నేపథ్యం పెరిగితే మబ్బు, ఎందుకంటే ఊరి మీద మబ్బు తెల్లగా మెరుస్తుంది. నక్షత్రాలు లావై నేపథ్యం అలాగే ఉంటే ఫోకస్ జారింది. నక్షత్రాలు తగ్గుతూ, లావవుతూ, వాటి చుట్టూ తెల్లటి వలయాలు కడితే అది మంచు.

కూలింగ్ కెమెరాలు బయటి వేడి కన్నా సుమారు 30, 35 డిగ్రీలు కిందకి దిగగలవు. జనవరిలో మైనస్ 10 హాయిగా వస్తుంది. ఏప్రిల్‌లో డాబా మీద 30 ఉంటే మైనస్ 10 అడిగితే కూలర్ నూటికి నూరు శాతం మీద ఆపసోపాలు పడి ఉష్ణోగ్రత నిలబెట్టలేదు, డార్క్‌లు (సెన్సారు సొంత మచ్చలు తీసేయడానికి మూత పెట్టి తీసే ఫ్రేములు) కలవవు. వేసవికి 0 దగ్గర ఇంకో డార్క్ లైబ్రరీ చేసి పెట్టుకోండి. పగలంతా కాలిన స్లాబు పది పదకొండు దాకా వేడి వదులుతూనే ఉంటుంది, ఆలోపు ఫోకస్ గంటకోసారి చూడక తప్పదు. ట్రైపాడ్ కాళ్ళు స్లాబు నడిమధ్య కాకుండా స్తంభాలూ దూలాలూ ఉన్న చోట పెడితే అడుగుల అదురు తగ్గుతుంది. పక్కింటి ఫ్లడ్ లైటు నేరుగా పడుతుంటే రెండు వెదురు గెడలకి నల్లగుడ్డ కట్టడం ఏ ఫిల్టరు కన్నా చవక. కరెంటు పోతుందని ఇన్వర్టరు మీద ఆధారపడక 12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టుకుంటే మధ్యలో మౌంటు చచ్చిపోయే బాధ ఉండదు.

ఒక్కో ఫ్రేము ఎంతసేపు

"300 సెకన్లు పెట్టండి" అని ఎవరో చెప్పారని పెట్టడం కన్నా కొలుచుకోవడం తేలిక. షార్ప్‌క్యాప్ సాఫ్ట్‌వేర్ రాసిన రాబిన్ గ్లోవర్ చెప్పిన సూత్రం ఇది: ఆకాశం నుంచి పిక్సెల్‌కి వచ్చే ఎలక్ట్రాన్లు రీడ్ నాయిస్ వర్గానికి పది రెట్లయితే చాలు, రీడ్ నాయిస్ వల్ల మొత్తం నాయిస్ 5 శాతానికి మించి పెరగదు. ఐఎంఎక్స్533 సెన్సారు, గెయిన్ 100 దగ్గర రీడ్ నాయిస్ సుమారు 1.5. వర్గం 2.25, పది రెట్లు 22.5 ఎలక్ట్రాన్లు. ఇప్పుడు 60 సెకన్ల ఫ్రేము ఒకటి, మూత పెట్టి అంతే సేపు డార్క్ ఒకటి తీయండి. డార్క్ మీడియన్ (పిక్సెళ్ళ మధ్యస్థ విలువ) 700, ఆకాశానిది 724 వచ్చిందనుకుందాం. తేడా 24. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు: ఈ సెన్సారు 14 బిట్లది, ఫైల్లో అంకెలు 16 బిట్లకి సాగదీసి నాలుగు రెట్లు చేసి రాస్తారు. ఎలక్ట్రానుకి ఒక యూనిట్ అని స్పెసిఫికేషన్‌లో ఉంటే ఫైల్లో నాలుగు యూనిట్లు ఒక ఎలక్ట్రాను. కాబట్టి 24 అంటే 6 ఎలక్ట్రాన్లు, సెకనుకి 0.1. 22.5ని 0.1తో భాగిస్తే 225 సెకన్లు. 240 పెట్టుకోండి. డ్యుయల్ ఫిల్టరయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్ళు విడివిడిగా కొలిచి తక్కువ వెలుగున్నదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఫిల్టరు తీసేస్తే ఇదే ఆకాశానికి ఏడు సెకన్లే సరిపోతుంది.

అంతకుమించి పొడిగిస్తే కొత్తగా వచ్చేదేమీ లేదు, పోయేవే ఎక్కువ. 600 సెకన్ల ఫ్రేము మధ్యలో గన్నవరంలో దిగే విమానం అడ్డం వచ్చినా, గాలి ఒక్కసారి విసిరినా పది నిమిషాలూ పోతాయి. లోతు వచ్చేది మొత్తం గంటల నుంచే, అదీ వర్గమూలం లెక్కన: స్పష్టత రెట్టింపు కావాలంటే సమయం నాలుగింతలు. రోజెట్‌కి నాలుగైదు గంటలు బాగానే ఉంటుంది. సిమెయిజ్ 147 అలా కాదు. 1952లో క్రిమియాలోని సిమెయిజ్ వేధశాలలో షైన్, గాజె గుర్తించిన ఈ సూపర్‌నోవా అవశేషం ఆకాశంలో మూడు డిగ్రీలు పరుచుకుని ఉంటుంది; దాని ఎర్ర పోగులు విడివిడిగా కనపడాలంటే ఊళ్ళో నుంచి ఇరవై గంటలు దాటాల్సిందే, ఆక్సిజన్ భాగానికైతే అంతకు ఎన్నో రెట్లు.

ప్రతి రెండు మూడు ఫ్రేములకి డిథర్ చేయండి, అంటే గురిని కొద్దిగా పక్కకి జరపండి, ఫొటో తీసే కెమెరాలో పది పిక్సెళ్ళదాకా జరిగేలా. చేయకపోతే ఇరవై గంటల స్టాక్‌లో వాన చారల్లాంటి నాయిస్ తేలుతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు. ఫ్లాట్‌లు (దుమ్ము మచ్చలు సరిచేయడానికి సమానమైన వెలుగు మీద తీసే ఫ్రేములు) ప్రతి రాత్రీ తీయాలి. మన దుమ్ముకి నిన్నటి ఫ్లాట్ ఇవాళ పనికిరాదు. ఎల్ఈడీ ట్రేసింగ్ ప్యానెల్ మీద తెల్ల బనీను రెండు మడతలు వేస్తే సరిపోతుంది. ఎక్స్‌పోజర్ ఒక సెకనుకి తగ్గకూడదు, తగ్గితే ఎల్ఈడీ మిణుకు ఫ్రేములో అడ్డ చారలుగా పడుతుంది.

ఇంత కష్టపడి తెచ్చిన మసకని చాలామంది చివరి అరగంటలో పోగొట్టుకుంటారు. ఊరి వెలుగు వాలు (ఫ్రేములో ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువగా పరుచుకునే వెలుగు) తీసేయడానికి బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ వాడతాం కదా, దానికి నెబ్యులాకీ వాలుకీ తేడా తెలియదు. సిమెయిజ్ 147, బార్నార్డ్ లూప్ లాంటివి ఫ్రేమంతా నిండి ఉంటాయి, ఖాళీ ఆకాశం అంటూ ఉండదు. అక్కడ నాలుగో డిగ్రీ పాలినామియల్ (బాగా వంపులు తిరిగే గణిత రూపం) పెడితే నెబ్యులాని కూడా "వాలు"గా లెక్కేసి తీసేసి నడిమధ్య గుంట మిగుల్చుతుంది. సిరిల్‌లో మొదటి డిగ్రీ, అదీ ఒక్కో ఫ్రేముకి స్టాకింగ్‌కి ముందే. రాత్రంతా వాలు దిక్కు మారుతూ ఉంటుంది గనక స్టాక్ చేశాక ఆ వంకరలు సరళరేఖతో పోవు. శాంపిల్ పాయింట్లు (ఇక్కడ ఖాళీ ఆకాశం అని సాఫ్ట్‌వేర్‌కి చూపే చుక్కలు) చేత్తో పెట్టండి. ఎక్కడ పెట్టాలో తెలియకపోతే 2003లో ఫింక్‌బైనర్ కూర్చిన హైడ్రోజన్-ఆల్ఫా పటం తెరిచి ఏ మూల నిజంగా ఖాళీయో చూసుకోండి. ఆ పటంలో సూక్ష్మ వివరాలు ఉండవు, దీనికి అక్కర్లేదు కూడా.

ఏఐ నాయిస్ తీసివేత పనిముట్ల గురించి ఒక గట్టి మాట. ఐదు గంటల డేటా మీద వాటిని పూర్తి బలంతో తోలితే నాయిస్‌లోంచి పోగులు అల్లుతాయి, చూడటానికి నిజం నెబ్యులా కన్నా అందంగా. తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఉంది. ఫ్రేముల్ని సరి, బేసి వరుసలుగా రెండు కుప్పలు చేసి విడివిడిగా స్టాక్ చేయండి, రెండింటికీ ఒకే స్ట్రెచ్ (మసకని వెలిగించి చూపే సర్దుబాటు), ఒకే నాయిస్ తీసివేత ఇవ్వండి, పక్కపక్కన పెట్టి రెండు రెట్లు పెంచి చూడండి. రెండింటిలోనూ ఒకే చోట, ఒకే వంపుతో ఉన్న పోగు ఆకాశంలోది. ఒకదాంట్లోనే ఉన్నది సాఫ్ట్‌వేరుది. డిథర్ చేయకపోతే మాత్రం ఈ పరీక్ష నమ్మడానికి లేదు, సెన్సారు మచ్చలు రెండు కుప్పల్లోనూ ఒకే చోట కనపడి నిజమైన పోగుల్లా నటిస్తాయి. సరి, బేసి కాకుండా ఒక వారం రాత్రులు ఒక కుప్ప, ఇంకో వారానివి ఇంకో కుప్పగా, మధ్యలో కెమెరాని 90 డిగ్రీలు తిప్పి, ఆ తిప్పుడుకి వేరే ఫ్లాట్‌లు తీసి చేస్తే ఇంకా గట్టిది. చదరపు ఐఎంఎక్స్533కి తిప్పినా ఫ్రేము మారదు కాబట్టి ఒక్క గంటా వృథా పోదు.